మీరు అడిగారు: కంప్యూటర్లో డ్రోన్ తోలితే ఆర్మీకి పనికొస్తుందా?

పోయిన నెల డ్రోన్ల మీద రెండు ముక్కలు రాశానో లేదో, మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బాగా వచ్చినాయి. వాటిల్లో సగానికి సగం సిమ్యులేటర్ల గురించే, అంటే నిజంగా ఎగరేయకుండా కంప్యూటర్లోనే డ్రోన్ తోలడం నేర్పించే వాటి గురించే. అందుకని ఈసారి అవే తీసుకుంటా ఉండా. పేరు వేయొద్దని కొందరు అడిగినారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం ఉంటుంది.

ప్రశ్న (ఒక అమ్మ, కొర్లగుంట, తిరుపతి): మావాడు బీటెక్ అయిపోయి ఇంట్లోనే ఉండాడు సార్. పొద్దస్తమానం కంప్యూటర్లో డ్రోన్ గేమ్. ఏందిరా ఇది అంటే ఆర్మీలో డ్రోన్ వాళ్ళకి కూడా ఇదే ట్రైనింగ్ అంటాడు. నిజమేనా, నన్ను ఏమారుస్తా ఉండాడా?

జవాబు: అమ్మా, వాడు చెప్పింది సగం నిజం. ఆ సగంతోనే మిమ్మల్ని ఏమారుస్తా ఉండాడు.

నిజమైన సగం ముందు చెప్తా. కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని డ్రోన్ ముందున్న కెమెరాలోంచి చూస్తా తోలే చిన్న డ్రోన్లని ఎఫ్‌పీవీ అంటారు. ఉక్రెయిన్ యుద్ధంలో వీటి వాడకం విపరీతంగా పెరిగింది, అక్కడ సైనికులు మొదట లాప్‌టాప్ ముందే కూర్చుంటారు, అసలు డ్రోన్‌కి వాడే రిమోట్‌నే యూఎస్‌బీ వైరుతో తగిలించి, మీవాడు ఆడే లిఫ్టాఫ్, వెలోసిడ్రోన్ లాంటి వాటిల్లోనే చేయి తిప్పుకుంటారు. ఎందుకంటే ఈ డ్రోన్లని ఆక్రో మోడ్‌లో తోలాలి, అంటే స్టిక్ వదిలేస్తే అది తనంతట తాను నిటారు అవదు, వంగినది వంగినట్టే పోతుంది. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే డ్రోన్ అలవాటైనోడు దీన్ని పట్టుకుంటే క్షణాల్లో నేలకి కొడతాడు. కొట్టిన ప్రతిసారీ ప్రొపెల్లర్, మోటరు, ఒక్కోసారి ఫ్రేమే పోతుంది, సోల్డరింగ్ పెట్టుకుని కూర్చోవాల. కంప్యూటర్లో అయితే ఒక బటన్ నొక్కితే కొత్త డ్రోన్. అంతవరకూ మీవాడి వాదన కరెక్టే.

ఇంక అబద్ధమైన సగం. నిఘాకి వాడే పెద్ద డ్రోన్‌ని చేత్తో తోలేది చాలా తక్కువ. మ్యాప్ మీద పాయింట్లు పెడితే ఆటోపైలట్టే ఎగరేసుకుంటా పోతుంది. కింద గ్రౌండ్ స్టేషన్లో పక్కపక్కన రెండు సీట్లు ఉంటాయి, ఒకరు విమానం చూసుకుంటారు, ఇంకొకరు కెమెరా. మిలటరీ సిమ్యులేటర్ అంటే అవే సీట్లు, అవే స్క్రీన్లు, అవే లివర్లు, పైన విమానం ఒక్కటే ఉండదు. వెనకాల వేరే టేబుల్ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని ఉంటాడు, ఆయన పనే కష్టాలు పెట్టడం. జీపీఎస్ పోగొడతాడు, లింక్ (కింది స్టేషన్‌కీ పైన విమానానికీ మధ్య రేడియో సంబంధం) తెంపుతాడు, ఇంజిన్ వేడెక్కిస్తాడు, అంతా బాగుందనుకున్న టైంలో స్క్రీన్ ఆపేస్తాడు. వేళ్ళు ఎంత చురుగ్గా ఉన్నాయన్నది ఆయనకి పెద్దగా పట్టదు, స్క్రీన్ ఆగిపోయిన నిమిషంలో నువ్వు చెక్‌లిస్ట్ తీశావా లేదా అన్నదే చూస్తాడు.

దీనికి ఒక అసలు సంగతి ఉంది. 2006 ఏప్రిల్ 25న అమెరికాలో, మెక్సికో బోర్డర్ దగ్గర నొగాలెస్ అనే ఊరి పక్కన, కస్టమ్స్ వాళ్ళ ప్రిడేటర్ బీ డ్రోన్ కూలిపోయింది. విమానానికి ఏ రోగమూ లేదు. పైలట్ ముందున్న కన్సోల్ బిగుసుకుపోతే ఆయన పక్క కన్సోల్‌కి కంట్రోల్ మార్చుకున్నాడు, తప్పులేదు, అందుకే రెండు పెట్టింది. కానీ ఒకే లివరుకి రెండు సీట్లలో రెండు పనులు. కెమెరా సీట్లో అది కెమెరా లోపలికి వచ్చే వెలుతురుని తగ్గిస్తుంది పెంచుతుంది, పైలట్ సీటుగా మారగానే అదే లివర్ ఇంజిన్‌కి పోయే ఇంధనం. అది అప్పటికి ఏ పొజిషన్‌లో ఉందో ఆ పొజిషన్ పైలట్ లెక్కలో ఇంధనం బంద్. కంట్రోల్ మార్చేముందు రెండు వైపులా లివర్లు ఒకేలా ఉన్నాయా చూసుకోమని చెక్‌లిస్ట్‌లో ఉంది, ఆయన చెక్‌లిస్ట్ తీయలేదు. ఇంజిన్ ఆగింది. ఎత్తు తగ్గిపోతా ఉందని గమనించినా ఎందుకో అర్థం కాలేదు, లింక్ తెంపేస్తే అదే పైకెక్కి చెప్పిన చోట తిరుగుతా ఉంటుంది కదా అని లింక్ కూడా తెంపేశాడు, ఇంజినే లేనిది ఎక్కడ ఎక్కుతుంది. అదృష్టం కొద్దీ కింద ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఈ ప్రమాదాన్ని సిమ్యులేటర్లో ఎన్నిసార్లయినా జరిపించొచ్చు, ఖర్చు కరెంటు బిల్లే. మీవాడి గేమ్‌లో మాత్రం ఒక్కసారి కూడా జరగదు. కాబట్టి అమ్మా, వాణ్ణి ఆపమని నేను చెప్పను, రోజుకి ఒక గంట చాలు. మిగతా టైంలో ఏం చేయాలో కింద ఏర్పేడు అబ్బాయికి రాశా, అది చదివి వినిపించండి.

ప్రశ్న (రిటైర్డ్ టీచర్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు): స్క్రీన్ ముందు ఆడి ఆడి నేర్చుకున్న కుర్రవాళ్ళకు రేపు నిజం మనిషి కూడా బొమ్మలానే కనిపించడా? ఇది నాకు ప్రమాదంగా తోస్తున్నది.

జవాబు: మాస్టారూ, మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. అయితే ప్రమాదం మీరు చూపించిన చోట కంటే ఇంకొంచెం పక్కన ఉందని నా అభిప్రాయం.

2010 ఫిబ్రవరి 21న అఫ్ఘనిస్తాన్‌లో ఉరుజ్‌గాన్ ప్రాంతంలో మూడు వాహనాల్లో జనం పోతా ఉన్నారు. పైన అమెరికా వాళ్ళ ప్రిడేటర్ డ్రోన్ గంటల తరబడి వాళ్ళని చూస్తానే ఉంది. చూస్తా ఉన్న సిబ్బంది కింద ఉన్న తమ సైనికులకి చెప్పిన మాటల్లో ఆయుధాల అనుమానం పెద్దదయింది, పిల్లలు ఉన్నారన్న అనుమానం చిన్నదయింది. చివరికి హెలికాప్టర్లు వచ్చి కాల్చినాయి. పోయినవాళ్ళు సామాన్య జనం. తర్వాత అమెరికా సైన్యమే విచారణ చేసి డ్రోన్ సిబ్బంది ఇచ్చిన రిపోర్టింగ్ సరిగా లేదని, వృత్తికి తగ్గట్టు లేదని రాసింది. కెమెరా పనిచేసింది, లింక్ పనిచేసింది, విమానం గాల్లో చక్కగా ఉంది. పనిచేయనిది చూపు, దాన్ని మించి మాట.

నిఘా ట్రైనింగ్‌లో అసలు పాఠం ఇదే మాస్టారూ. ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తా ఉన్నారు, ఎక్కడ, ఏ టైంకి, చేతిలో ఏముంది, ఇంతే చెప్పాల. చూసింది వేరే, అనుకున్నది వేరే అని విడగొట్టి చెప్పాల. "చేతిలో పొడుగ్గా ఏదో ఉంది" అనడానికీ "తుపాకీ ఉంది" అనడానికీ మధ్య ఒక ప్రాణం ఉంది. మంచి సిమ్యులేటర్ సీన్‌లో ఇన్‌స్ట్రక్టర్ కావాలనే ఇట్లాంటివి పెడతాడు, కయ్యకి నీళ్ళు కట్టను భుజాన పార పెట్టుకుని పోయే రైతు, పుల్లలమోపు ఎత్తుకున్న ఆడమనిషి, మోటర్‌సైకిల్ మీద పైపు కట్టుకుని పోయేవాడు. జూమ్ చేసి చూసేటప్పుడు గొట్టంలోంచి చూసినట్టు చుట్టుపక్కల ఏమీ కనపడదు, పక్క సందులో స్కూలు ఉందా అని కెమెరా వెనక్కి లాగి చూసే అలవాటు రావాల. అయిపోయినాక రికార్డు వెనక్కి తిప్పి, ఈ నిమిషంలో నువ్వు ఏం చూశావు, ఏం చెప్పావు, రెండూ ఒకటేనా అని అడుగుతారు. ఆ డీబ్రీఫ్ సరిగా చేయని చోట ఎన్ని కోట్ల సిమ్యులేటర్ ఉన్నా మీరు భయపడ్డట్టే అవుతుంది. స్కోర్ బోర్డు పెట్టి ఎన్ని టార్గెట్లు కొట్టావు అని లెక్క కట్టే సిమ్యులేటర్‌ని నిఘా ట్రైనింగ్ గదిలోకి రానీయకూడదని నేనంటా. కాల్చకుండా వదిలేసినదానికి మార్కులు వేసేది కావాల.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, ఏర్పేడు): అన్నా, సిమ్యులేటర్లో కొండలు, అడవులు నిజం ఏరియా లాగే ఎట్లా వస్తాయి? థర్మల్ కెమెరా బొమ్మ ఎట్లా తయారుచేస్తారు? లాప్‌టాప్‌లో నేను ఏమైనా ట్రై చేయొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉండా.

నేల మొదటిది. రెండు పొరలు కావాల, ఎత్తుల పొర ఒకటి, దాని మీద పరిచే ఉపగ్రహం ఫొటో ఒకటి. ఎత్తుల పొరకి పనికొచ్చిన మన ఉపగ్రహం కార్టోశాట్-1, 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద పోయింది. దాంట్లో రెండు కెమెరాలు, ఒకటి ముందుకి వంగి, ఒకటి వెనక్కి వంగి, ఒకే చోటుని రెండు కోణాల్లో తీసేవి, ఆ రెండింటి తేడా నుంచి ఎత్తు లెక్కకట్టినారు. దాన్నుంచి వచ్చిన కార్టోడెమ్ అనే ఎత్తుల మ్యాప్‌ని సుమారు 30 మీటర్ల గడులతో ఇస్రో వాళ్ళ భువన్ వెబ్‌సైట్లో ఉచితంగానే ఇస్తారు. శేషాచలం వైపు ముక్క దించుకుని చూడు, లోయలు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ 30 మీటర్ల గడిలో ఒక బండ వెనకాల దాక్కున్న మనిషి ఉండడు, చెట్టు కింద నీడ ఉండదు. నిఘాకి కావాల్సింది అదే కదా. అందుకే మిలటరీ వాళ్ళు ఇంకా సన్నటి డేటా వాడి, చెట్లు, గోడలు, కరెంటు స్తంభాలు విడిగా నాటుకుంటారు. పని మొత్తం అక్కడే ఉంది, గ్రాఫిక్స్‌లో కాదు.

థర్మల్, అంటే వెలుతురుని కాకుండా వేడిని చూసి బొమ్మ గీసే కెమెరా, ఇంకా మజాగా ఉంటుంది. మామూలు ఫొటోని నలుపు తెలుపు చేసి ఇదే థర్మల్ అని చూపించే చవక సాఫ్ట్‌వేర్లు ఉండాయి, నమ్మొద్దు. సరైన పద్ధతిలో ఫొటోలో ప్రతి ముక్కకీ అది ఏ పదార్థమో రాసిపెడతారు, ఇది రాయి, ఇది మట్టి, ఇది రేకు, ఇది నీళ్ళు, ఇది ఆకు. ఒక్కో పదార్థం ఎండకి ఎంత వేడెక్కుతుంది, ఎంతసేపట్లో చల్లారుతుంది అన్న లెక్కతో ఆ గంటకి దాని వేడి ఎంతో కట్టి బొమ్మ గీస్తారు. మన కొండ బండలు పగలంతా ఎండలో కాగి రాత్రి చాలాసేపటి వరకూ వేడి వదలవు, అట్లాంటి చోట మనిషి ఒంటి వేడి బండ వేడిలో కలిసిపోతుంది. తెల్లారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు ఒక టైం వస్తుంది, వస్తువూ దాని వెనక నేలా ఒకే వేడిలో ఉండి థర్మల్‌లో ఏదీ విడిగా కనపడదు. థర్మల్ ఉంటే రాత్రంతా అన్నీ కనపడతాయి అనుకునే కొత్త ఆపరేటర్‌కి ఈ టైంలో ఒక సీన్ పెడితే చాలు, పొగరు దిగుతుంది.

గాలి కూడా అంతే. సిమ్యులేటర్లలో గాలి కుదుపులకి డ్రైడెన్ మోడల్ అని ఒక పాత లెక్క ఉంది, ఇప్పటికీ అదే బాగా వాడతారు, కానీ కొండ అంచు దాటగానే గాలి కిందికి తోసేది దానంతట అది చూపించదు. గాలి సంగతి మీద ఆసక్తి ఉంటే మన పక్కనే గాదంకిలో వాతావరణం మీద పరిశోధన చేసే ఎన్‌ఏఆర్‌ఎల్ ఉంది కదా, ఎంఎస్‌టీ రాడార్‌తో పైగాలుల్ని కొలిచేది అక్కడే, వాళ్ళ పేపర్లు చదువు. మీ ఏర్పేడులోనే ఐఐటీలో పొజిషనింగ్ (ఏది ఎక్కడ ఉందో కచ్చితంగా కనుక్కోవడం) మీద పనిచేసే ఐ-హబ్ కూడా ఉంది.

ఇంక లాప్‌టాప్. ఆర్డుపైలట్ అని ఓపెన్ సోర్స్ ఆటోపైలట్ ఉంది, దాంట్లో ఎస్‌ఐటీఎల్ అని ఒక పద్ధతి, అసలు డ్రోన్‌లో నడిచే కోడే నీ లాప్‌టాప్‌లో నడుస్తుంది, డ్రోన్ మాత్రం లెక్కల్లోది. విండోస్‌లో మిషన్ ప్లానర్ వేసుకుంటే సిమ్యులేషన్ అని ట్యాబ్ ఉంటుంది, మ్యాప్‌లో మీ కాలేజీ గ్రౌండ్ దగ్గర పెట్టి లేపు. మొదట సాదాగా ఒక చుట్టు తిప్పు. తర్వాత గాలి స్పీడ్ పెంచు, మధ్యలో జీపీఎస్ ఆపేయి, రిమోట్ లింక్ తెంపు, బ్యాటరీ తగ్గించు, ఒక్కోసారి అది ఏం చేస్తుందో ముందే కాగితం మీద రాసుకుని తర్వాత నడిపి చూడు. నువ్వు రాసిందీ అది చేసిందీ వేరే వేరే అయిన చోటే నీకు పాఠం. ఇంకొంచెం ముందుకి పోతే గజీబో అనే త్రీడీ సిమ్యులేటర్‌తో కలిపి కెమెరా పెట్టొచ్చు. వేరే వేరే సిమ్యులేటర్లని ఒకే యుద్ధంలో కలిపి నడిపించే డిస్, హెచ్‌ఎల్‌ఏ అనే స్టాండర్డులు ఉన్నాయి, రెండూ ఇంజనీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ వాళ్ళవే, ఈ పనిలో ఉద్యోగం వెతికేటప్పుడు అవి తెలిసినోడికి విలువ. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ మిలటరీ సిమ్యులేటర్లు తయారుచేస్తా ఉంది, కాబట్టి ఇది ఎక్కడో అమెరికా పని అనుకోవద్దు.

ప్రశ్న (రైల్వే ఉద్యోగి, రేణిగుంట): డ్యూటీ మీద అరక్కోణం పోతా ఉంటా. అక్కడ నేవీ బేస్‌లో అమెరికా డ్రోన్లు ఉన్నాయంటారు. అంత దూరం సముద్రం మీదకి పోయిన దాన్ని ఇక్కడి నుంచి ఎట్లా తోలతారు? దానికి ట్రైనింగ్ ఎట్లా?

జవాబు: ఉన్నాయి సార్. ఐఎన్‌ఎస్ రాజాలి నుంచి 2020లో లీజుకి తెచ్చిన రెండు ఎంక్యూ-9బీ సీగార్డియన్లు తిరిగినాయి, 2024 సెప్టెంబరులో ఒకటి సాంకేతిక లోపంతో చెన్నై దగ్గర సముద్రంలో దిగిపోయింది. ఆ తర్వాతి నెలలోనే సొంతానికి 31 కొనే ఒప్పందం మీద సంతకాలయినాయి, నేవీకి 15, ఆర్మీకి 8, ఎయిర్‌ఫోర్స్‌కి 8.

దూరం పోయినాక ఉపగ్రహం ద్వారానే మాట్లాడాల. ఆ ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది, సిగ్నల్ పైకి పోయి కిందికి రావడానికే పావు సెకను. బొమ్మ మన దగ్గరికి రావడానికి ఒక పావు, మన కమాండ్ దానికి చేరడానికి ఇంకో పావు, మధ్యలో వీడియోని కుదించి మళ్ళా విప్పే టైం, అంతా కలిపి సెకను దాటిపోతుంది. మామూలు పనికి పర్వాలేదు, కానీ చేత్తో ల్యాండింగ్ చేయబోతే స్టిక్ కదిపినా కదల్లేదని ఇంకా కదుపుతాం, అంతలో రెండూ కలిపి వచ్చేస్తాయి, వెంటనే వెనక్కి లాగుతాం, విమానం ఊగడం మొదలవుతుంది. అందుకే పాత ప్రిడేటర్లకి రన్‌వే దగ్గర వేరే బృందం ఉండి నేరు రేడియో లింక్‌తో దించేది, దూరంలోని వాళ్ళు మధ్య ప్రయాణం చూసుకునేది. ఎంక్యూ-9బీ లాంటి కొత్తవి టేకాఫ్, ల్యాండింగ్ తమంతట తామే చేసుకుంటాయి.

ట్రైనింగ్ విషయంలో ఒక్క మాట. ఈ ఆలస్యాన్ని సిమ్యులేటర్లో కూడా కావాలనే పెట్టాల. డెమోలో బాగుండాలని కొందరు స్టిక్ కదిపితే వెంటనే కదిలేట్టు చూపిస్తారు, వచ్చిన పెద్దమనుషులు ఓహో అంటారు. దాంట్లో వంద గంటలు నేర్చుకున్నోడికంటే అసలు నేర్చుకోనోడే నయం, వీడి చేతికి తప్పుడు అలవాటు పట్టి ఉంటుంది కాబట్టి.

మీకు యంత్రాల మీద మోజు ఉందని ఉత్తరం చూస్తే అర్థమయింది, అందుకని ఒకటి చెప్తా. మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్లలో పేరున్నది 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ చేసింది, వాళ్ళ నాయనకి ఆర్గాన్లు (తిత్తుల గాలితో మోగే వాద్యాలు), పియానోలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, ఆ ఆర్గాన్ తిత్తులతోనే ఆయన విమానం బొమ్మని అటూ ఇటూ ఊపించాడు. కొన్నేళ్ళు జాతరల్లో ఆటబొమ్మగానే పోయింది. 1934లో సైన్యం పైలట్లకి టపా మోసే పని అప్పజెప్తే మబ్బుల్లో, మంచులో వరసగా చనిపోయారు, అప్పుడు గానీ సైన్యం వాటిని కొనలేదు.

ప్రశ్న (పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్, పుత్తూరు): మా దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సిమ్యులేటర్ కోర్సు చేస్తే ఆర్మీలో డ్రోన్ ఆపరేటర్ ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దన్నా. డబ్బులు జేబులో పెట్టుకో.

సిమ్యులేటర్ సర్టిఫికెట్ చూసి ఆర్మీ ఉద్యోగం ఇవ్వదు. ఆర్మీలోకి దారి అగ్నివీర్ అయితే అగ్నివీర్, ఆఫీసర్ అయితే ఆఫీసర్ పరీక్షలు, డ్రోన్ పని లోపలికి పోయినాక వాళ్ళే నేర్పిస్తారు. డ్రోన్ల పని పెరుగుతా ఉన్నది మాత్రం నిజం, పదాతిదళం బెటాలియన్లలో డ్రోన్ ప్లాటూన్లు పెడుతున్నట్టు ఆర్మీ చీఫ్ 2025 జులైలో ద్రాస్‌లో చెప్పారు. సిమ్యులేటర్ల వాడకం పెంచాలని రక్షణ శాఖ 2021లోనే ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది. ఇవి చూపించే కొందరు బయట కోర్సులు అమ్ముకుంటా ఉండారు.

నీ పనికి కావాల్సింది డీజీసీఏ (విమానాల మీద నిఘా ఉంచే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిమోట్ పైలట్ సర్టిఫికెట్. 18 నుంచి 65 ఏళ్ళ లోపు ఉండి టెన్త్ పాసయి ఉంటే చాలు, డీజీసీఏ ఒప్పుకున్న ట్రైనింగ్ సెంటర్‌లో చేయాల, పదేళ్ళు చెల్లుతుంది. అక్కడ కూడా సిమ్యులేటర్ ఉంటుంది, డ్రోన్ ముక్కు నీ వైపు తిరిగినప్పుడు కుడి ఎడమ తారుమారయ్యేది దాంట్లోనే అలవాటు చేసుకో. చేరేముందు ఆ సెంటర్ పేరు డీజీసీఏ లిస్టులో ఉందా అని నువ్వే చూసుకో, వాళ్ళు గోడకి తగిలించిన ఫ్రేమ్‌ని నమ్మొద్దు.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, చంద్రగిరి): సార్, సిమ్యులేటర్లో తిరుమల మీద డ్రోన్ ఎగరేయొచ్చా? నిజంగా అయితే? ఇంకా నాది పాత లాప్‌టాప్, సరిపోతుందా?

జవాబు: నిజంగా అయితే కలలో కూడా అనుకోవద్దు నాయనా. శ్రీవారి గుడి మీదుగా ఏదీ ఎగరకూడదన్నది ఆగమం మాట, కొండ మీద డ్రోన్లకి టీటీడీ ఒప్పుకోదు, 2023 జనవరిలో ఒక డ్రోన్ వీడియో బయటికి వచ్చి ఎంత గొడవయిందో గుర్తుందా. కింద కూడా రేణిగుంట ఎయిర్‌పోర్ట్ ఉంది కాబట్టి డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగులతో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ రంగులో ఉందో చూడకుండా లేపొద్దు. గ్రీన్ జోన్‌లో అయినా 400 అడుగులే. సిమ్యులేటర్లో అడ్డం చెప్పేవాడు లేడు, కానీ దాని బదులు మీ చంద్రగిరి కోట కొండ చుట్టూ పెట్టుకో, గోడలు, బండలు, చెరువు అన్నీ ఉన్నాయి, నిఘా ప్రాక్టీసుకి అదే మంచి చోటు.

మిషన్ ప్లానర్‌కి పాత లాప్‌టాప్ చాలు. ఎఫ్‌పీవీ గేమ్‌లకి మాత్రం గ్రాఫిక్స్ కార్డు అడుగుతాయి, సెట్టింగ్స్ అన్నీ తగ్గించుకుని ఆడు, బొమ్మ అందంగా లేకపోయినా పర్వాలేదు, ఆగి ఆగి రాకుండా ఉంటే సరి. కీబోర్డుతో మాత్రం నేర్చుకోవద్దు, ఎవరి దగ్గరైనా పాత రిమోట్ దొరికితే యూఎస్‌బీ పనిచేస్తుందో లేదో చూసి తెచ్చుకో.